పిల్లల చేత పుస్తకాలు చదివించే వాట్సాప్ గ్రూపు: గోదావరి డెల్టా ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

5 నుంచి 9వ తరగతి దాకా పిల్లలకు పాఠ్యపుస్తకాలు కాక వేరే పుస్తకాలు కూడా అలవాటు చేయాలనుకునే టీచర్లు, లైబ్రేరియన్లు, ఊళ్లో సాయంత్రం ట్యూషన్లు చెప్పే డిగ్రీ కుర్రాళ్ల కోసం ఇది. గ్రూపు తెరవడం రెండు నిమిషాల పని. మూడో వారానికల్లా అది గుడ్ మార్నింగ్ బొమ్మల గ్రూపుగా మారిపోకుండా చూసుకోవడమే అసలు పని.

మొదట ఒక సంగతి ఖాయం చేసుకోండి. చదవడం కాగితం మీద జరగాలి, చదివినదాని గురించి మాట్లాడుకోవడం ఫోన్‌లో జరగాలి. ఈ రెండూ కలిపేసి మొత్తం ఫోన్‌లోనే చేయిద్దామనుకుంటే, పది నిమిషాల్లో పిల్లలు కథలోంచి రీల్స్‌లోకి జారిపోతారు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క నియమం మీదే ఆధారపడి ఉంది.

1. గ్రూపు తెరవకముందు ఫోన్ల లెక్క తీయండి

ఒక నోట్‌బుక్‌లో పిల్లల పేర్లు రాసి, ఒక్కో పేరు ఎదురుగా ఈ వివరాలు నింపండి. ఫారం ఇచ్చి పంపితే సగం ఖాళీగా తిరిగొస్తుంది. కాబట్టి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి మీరే రాయండి.

- ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరిది?
- సాయంత్రం ఆ ఫోన్ ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటుంది?
- రోజూ డేటా ఉంటుందా, రీఛార్జ్ చేసినప్పుడేనా?
- ఇంట్లో తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లెవరు?
- ఫోన్ లేకపోతే, నడిచి వెళ్లగలిగే దూరంలో ఏ స్నేహితుడి ఇల్లుంది?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంటాయి. ఆకివీడు, ఉండి వైపు చెరువుల మీద కాపలా ఉండే తండ్రి ఫోన్ రాత్రిపూట అసలు ఇంట్లోనే ఉండదు. తల్లి రొయ్యల ప్లాంటులో పని చేస్తుంటే షిఫ్టును బట్టి వేళ మారిపోతుంది. కోనసీమలో అమ్మో నాన్నో గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో ఫోన్ అమ్మమ్మ దగ్గరుంటుంది, సాయంత్రం వీడియో కాల్ వేళ దాన్ని అడగకూడదు. ఇవన్నీ తెలియకుండా '8 గంటలకు అందరూ ఆన్‌లైన్‌లోకి రండి' అని పెడితే వచ్చేది ఆరుగురే.

అందరికీ కుదిరే వేళంటూ ఏదీ దొరకదు. అందుకే ఒకే సమయానికి అందరూ హాజరు కావాలన్న పద్ధతి పెట్టుకోకండి. ప్రశ్న సాయంత్రం వేయండి, జవాబుకు మర్నాడు రాత్రి దాకా గడువివ్వండి.

ఒక గ్రూపులో 15 నుంచి 20 మంది పిల్లలుంటే చాలు. 40 మందిని ఒకచోట చేరిస్తే నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్లు చూస్తూ ఉండిపోతారు. ఎక్కువమంది ఉంటే రెండు గ్రూపులు చేయండి. ఫోన్ లేని ప్రతి పిల్లకీ ఫోన్ ఉన్న ఒకరిని జోడీగా కట్టండి. జోడీలో ఇద్దరూ కలిసి జవాబు పంపాలి, దాంట్లో ఇద్దరి పేర్లూ ఉండాలి. ఫోన్ ఉన్న పిల్ల ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఒప్పించండి.

2. పెద్దవాళ్లు ఇద్దరు, తల్లిదండ్రుల సంతకం ఒకటి

అడ్మిన్లు తప్పనిసరిగా ఇద్దరుండాలి. ఒకరికి జ్వరం వచ్చినా, ఎన్నికల డ్యూటీ పడినా గ్రూపు ఆగకూడదు. ఇంకో కారణం కూడా ఉంది: పిల్లలతో ఆన్‌లైన్‌లో ఒకే పెద్దమనిషి ఒంటరిగా వ్యవహరించే పరిస్థితి ఎప్పుడూ ఉండకూడదు. వీలైతే ఇద్దరిలో ఒకరు మహిళ అయితే ఇంట్లోవాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

వాట్సాప్ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండనివాళ్లు తమంతట తాము ఖాతా తెరవకూడదు. అందువల్ల గ్రూపులో చేర్చేది తల్లిదండ్రుల నంబరు. పిల్లలు ఆ ఫోన్ నుంచే, మెసేజ్ మొదట తమ పేరు రాసి పంపుతారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. మీది చిన్న గ్రూపే అయినా సంతకం తీసుకోండి. బడి తరఫున నడుపుతుంటే ప్రధానోపాధ్యాయుల అనుమతి కూడా రాతలో ఉండాలి.

సమ్మతి కాగితం అర పేజీ మించకూడదు. దాంట్లో ఈ ఐదు మాటలుంటే చాలు:

- గ్రూపు ఎందుకు, ఎప్పటిదాకా (ఉదాహరణకు, జూలై నుంచి ఏప్రిల్ దాకా).
- మీ నంబరు మిగతా తల్లిదండ్రులకు కనిపిస్తుంది.
- పిల్లల ఫొటోలు, గొంతు రికార్డింగులు గ్రూపు దాటి బయటికి వెళ్లవు.
- రాత్రి 9 తర్వాత మెసేజ్‌లు ఉండవు.
- ఎప్పుడు వద్దనుకున్నా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు.

రెండో మాట దగ్గర కొందరు తల్లులు వెనకాడతారు. వాళ్ల భయం న్యాయమైనదే. అలాంటివాళ్లను గ్రూపులో చేర్చమని పట్టుబట్టకండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్లే జాబితా) చేసి ప్రశ్నలు విడిగా పంపండి, వచ్చిన జవాబును వాళ్ల అనుమతితో మీరే గ్రూపులో పెట్టండి. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ అందాలంటే మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. ఆ పని సంతకం తీసుకునే రోజే చేయించేయండి.

3. చదవడానికి ఏం ఇవ్వాలి

గ్రూపు తెరిచే నాటికి ఒక పెట్టెలో 40 పుస్తకాలైనా సిద్ధంగా ఉండాలి. 20 మంది పిల్లలకు ఇది కనీస లెక్క. అంతకన్నా తక్కువుంటే నచ్చనిది వదిలేసి ఇంకోటి తీసుకునే వీలుండదు, పుస్తకం ఎంచుకునే హక్కు లేని పిల్లకు చదవడం మీద ఇష్టం పుట్టదు.

పుస్తకాలు దొరికే చోట్లు:

బడి లైబ్రరీ. చాలా బడుల్లో పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి, పోతే ఎవరు కట్టాలన్న భయంతో. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి 40 పుస్తకాలను 'చిరిగినా పోయినా ఫర్వాలేదు' అన్న జాబితాలో రాయించండి. ఈ ఒక్క సంతకంతో బీరువా తెరుచుకుంటుంది.

శాఖా గ్రంథాలయం. జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ మండల కేంద్రంలో ఉంటే, చిన్న డిపాజిట్ కట్టి మీ పేరు మీద సభ్యత్వం తీసుకోండి. రాజమండ్రి చుట్టుపక్కలవాళ్లకు గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది. వేళలు, సెలవు రోజు ముందే కనుక్కుని వెళ్లండి.

స్టోరీవీవర్. పిల్లల పుస్తకాలు అచ్చు వేసే ప్రథమ్ బుక్స్ వారి ఉచిత వెబ్‌సైట్ ఇది. తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి. 1 అంటే మొదటి మాటలు నేర్చేవాళ్లకు, 4 అంటే ధారాళంగా చదివేవాళ్లకు. రచయిత, బొమ్మలు వేసినవారు, ప్రచురణకర్త పేర్లున్న చివరి పేజీతో సహా అచ్చు తీసుకుని పంచుకోవచ్చు. నలుపు తెలుపులో, ఒక కాగితానికి నాలుగు పేజీలు వచ్చేలా జిరాక్సు తీయిస్తే ఖర్చు తగ్గుతుంది. 5వ తరగతి పిల్లలకు మాత్రం రెండు పేజీలే పెట్టించండి, అక్షరం మరీ చిన్నదైతే వాళ్లు మొదటి పేజీలోనే ఆగిపోతారు.

తెలుగు వికీసోర్స్. ఈ ఉచిత వెబ్‌సైట్‌లో పాత కథలు, వ్యాసాలు ఉంటాయి. 8, 9 తరగతుల వాళ్లకే పనికొస్తాయి, అవి కూడా మీరు ముందు చదివి ఏరాలి.

కాపీరైట్ దగ్గర జాగ్రత్త అవసరం. మన దేశంలో రచయిత కన్నుమూసిన ఏడాది తర్వాత ఇంకో 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1964 చివరిలోపు కాలం చేసినవారు తమ జీవితకాలంలో అచ్చు వేసిన రచనలు ఇప్పటికే అందరి సొత్తు. అంతకన్నా కొత్త పుస్తకాన్ని మొత్తం స్కాన్ చేసి పీడీఎఫ్‌గా గ్రూపులో వేయకండి. పాత రచనైనా కొత్త ముందుమాట, కొత్త బొమ్మలు ఉంటే వాటి హక్కులు వేరు.

ఎవరికి ఏ పుస్తకం అన్నది తరగతిని బట్టి తేల్చకండి. పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసి గట్టిగా చదవమనండి. ఐదు మాటలకు మించి తడబడితే ఆ పుస్తకం ప్రస్తుతానికి కష్టం, ఒకటి రెండింటి దగ్గర ఆగితే సరిగ్గా సరిపోతుంది. 8వ తరగతి పిల్లాడికి రెండో స్థాయి కథ సరిపోయిందనుకోండి, అది నలుగురిలో అనకండి. 'మీ చెల్లికి చదివి వినిపించు, ఎలా విందో గ్రూపులో చెప్పు' అని ఇవ్వండి. సిగ్గు పడకుండా చదువుతాడు.

4. గ్రూపు అమరికలు

ఈ వరుసలోనే చేయండి. సభ్యుల్ని చేర్చేశాక సెట్టింగులు మారుద్దామనుకుంటే, ఈలోగానే ఎవరో ఒకరు లింకు ఇంకొకరికి పంపేస్తారు.

1. రెండో అడ్మిన్‌ను మాత్రమే చేర్చి గ్రూపు తెరవండి.
2. గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, పేరు, బొమ్మ మార్చే హక్కు, కొత్తవాళ్లను చేర్చే హక్కు అడ్మిన్లకే ఉంచండి. కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ ఒప్పుకోవాలన్న మీట ఆన్ చేయండి.
3. మెసేజ్‌లు పంపే హక్కు తొలి రెండు రోజులు అడ్మిన్లకే ఉంచండి. నియమాలు అందరూ చూశాక తెరవండి.
4. నియమాలు నాలుగు వాక్యాల్లో రాసి, ఆ మెసేజ్‌ను 30 రోజులకు పిన్ చేయండి.
5. ఆహ్వాన లింకు ఎక్కడా పెట్టకండి. సంతకం చేసినవాళ్ల నంబర్లను మీరే చేర్చండి.
6. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఎలా ఆపాలో స్క్రీన్‌షాట్ తీసి పంపండి. స్టోరేజ్ నిండిపోయిందని ఇంట్లోవాళ్లు గ్రూపులోంచి వెళ్లిపోవడం మామూలే, ఈ ఒక్క అమరికతో చాలావరకు ఆగుతుంది.

పిన్ చేయడానికి ఈ నాలుగు వాక్యాలు వాడుకోండి:

> ఈ గ్రూపు పుస్తకాల కబుర్లకు మాత్రమే. మెసేజ్ మొదట పిల్లల పేరు రాయండి. ఎవరి జవాబునూ వెక్కిరించకూడదు. ఫార్వర్డులు, రాజకీయం, పండుగ బొమ్మలు పెడితే అడ్మిన్ తీసేస్తారు, కోప్పడకండి.

5. తొలి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో చదవమని ఎవరినీ అడగకండి. గ్రూపులో మాట్లాడటం అలవాటు కావడమే ఇప్పటి పని.

తొలి మూడు రోజులు పెట్టెలోని పుస్తకాల అట్టలు రోజుకు ఐదు చొప్పున ఫొటో తీసి పెట్టండి, కింద ఒక్క వాక్యం చాలు: 'ఇందులో ఒక కోతి బస్సు నడుపుతుంది.' నాలుగో రోజు పోల్ పెట్టండి: ఏ పుస్తకం ముందు కావాలి? ఒక్క ఓటే వేసేలా ఉంచండి. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది కాబట్టి తెలివికి సంబంధించిన ప్రశ్నలకు పోల్ వాడకండి, ఇష్టాలకే వాడండి.

ఆ వారాంతంలో బడిలో పుస్తకాలు పంచండి. రెండో వారం, మీరు చదువుతున్న పుస్తకం నుంచి ఒక పేరా చదివి నిమిషం లోపు వాయిస్ పెట్టండి. తర్వాత రెండో అడ్మిన్ పెట్టాలి. పెద్దవాళ్లు తమకోసం కూడా చదువుకుంటారన్న సంగతి చాలామంది పిల్లలు చూసి ఉండరు. ఈ రెండు వాయిస్‌లూ వాళ్లకు దాన్ని చూపిస్తాయి. కాబట్టి నీతి శతకం వెతకకండి, మీరు నిజంగా చదువుతున్నదే చదవండి.

6. వారం నడక

మూడో వారం నుంచి ఇదే వరుస. ఇంతకన్నా ఎక్కువ పెడితే మీరు నడపలేరు.

- సోమవారం: బడిలో పుస్తకాలు మార్చుకోవడం. గ్రూపులో ఏమీ లేదు.
- బుధవారం సాయంత్రం: ఒక ప్రశ్న.
- గురువారం రాత్రి 9 దాకా: జవాబులు. మీరు కనీసం ఐదుగురికి పేరు పెట్టి బదులివ్వాలి.
- శనివారం: ఇద్దరు పిల్లల వాయిస్.
- ఆదివారం: గ్రూపు మూత. అడ్మిన్లకే మెసేజ్ హక్కు పెట్టేయండి.

మీకు రోజుకు పావుగంట పడుతుంది, గురువారం మాత్రం అరగంట. అంతకు మించి పడుతోందంటే పిల్లలు ఎక్కువైపోయారు లేదా మీరు ప్రతి మెసేజ్‌కూ బదులిస్తున్నారు.

7. ప్రశ్న ఎలా వేయాలి

గ్రూపు నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

గోదారి పొంగినప్పుడు ఆవును వదిలి లంకలోంచి పడవెక్కనని మొండికేసిన ముసలమ్మ కథ ఒకటి ఇచ్చారనుకుందాం. సాధారణంగా వేసే ప్రశ్నలు ఇవి: ముసలమ్మ పేరేమిటి? ఈ కథలోని నీతి ఏమిటి? మొదటిదానికి ఒకరు జవాబు రాయగానే మిగతా పద్దెనిమిది మంది అదే కాపీ చేస్తారు. రెండోదానికి 'మూగజీవాలను ప్రేమించాలి' అని పుస్తకం తెరవకుండానే రాసేయవచ్చు.

చదివినవాళ్లే చెప్పగలిగేది, ఇద్దరు ఒకేలా చెప్పలేనిది, ఒక్క వాక్యంలో చెప్పగలిగేది అడగాలి. అదే కథకు:

- ఆవును వదిలేసి రమ్మన్నప్పుడు పడవాయన మీద కోపం వచ్చిందా? ఎందుకు?
- ఏ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివారు? ఆ వాక్యం రాసి పంపండి.
- ముసలమ్మ మీ వీధిలో ఉంటే ఎవరిలా ఉంటుంది? (పేరు రాయకూడదు, పోలిక చెప్పండి చాలు.)
- కథ ఇంకో పేజీ ఉంటే మొదటి వాక్యం ఏమై ఉంటుంది?

జవాబుకు మీరిచ్చే బదులు ఇంకా ముఖ్యం. ఇలా సాగుతుంది:

> పావని: పడవాయన తప్పేం లేదండి. ఆవెక్కితే పడవ ఒరిగిపోద్ది.
>
> టీచర్: ఒరుగుతుందని కథలో ఎక్కడుంది పావనీ? ఆ ముక్క చదివి వాయిస్ పెట్టమ్మా.
>
> సాయి: ఆవులు ఈదుతాయంట మేడమ్. మా తాత చెప్పాడండి.
>
> టీచర్: అయితే ముసలమ్మకు ఆ సంగతి తెలియదంటావా, తెలిసీ వదల్లేదంటావా?

ఇక్కడ పావని మళ్లీ పుస్తకం తెరవాలి. సాయి తాతతో ఇంకోసారి మాట్లాడాలి. మిగతావాళ్లు ఏదో ఒక పక్షం పట్టకుండా ఉండలేరు. అదే టీచర్ ఇద్దరికీ చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకుంటే మాట అక్కడితో అయిపోతుంది. మెచ్చుకోవాలనిపిస్తే దేన్ని మెచ్చుకున్నారో చెప్పండి: 'పడవ ఒరగడం గురించి ఆలోచించింది నువ్వొక్కదానివే.'

పైన సాయి, పావని రాసిన యాస చూడండి. 'ఒరిగిపోద్ది' అని రాస్తే 'ఒరిగిపోతుంది' అని దిద్దకండి. ఆ పిల్ల కథ గురించి ఆలోచిస్తోంది, దిద్దారంటే ఆలోచన ఆగిపోతుంది. అక్షరదోషాలు మరీ ఎక్కువైతే సోమవారం బడిలో విడిగా చెప్పండి.

8. గొంతు: రాయలేనివాళ్లకు దారి, గల్ఫ్‌లో ఉన్న అమ్మకు కూడా

టైపు చేయలేని పిల్లలే ఎక్కువ. వాయిస్ మెసేజ్‌ను తక్కువ రకం జవాబుగా చూడకండి. మైకు గుర్తును పైకి లాగి తాళం వేసుకుంటే చెయ్యి తీసి, పుస్తకం రెండు చేతులతో పట్టుకుని చదవవచ్చు. పిల్లలకు ముందు ఇది చూపించండి.

చదివి వినిపించే వాయిస్‌కు నియమాలు: నిమిషం దాటకూడదు, ముందు రెండుసార్లు గట్టిగా చదువుకోవాలి, ఫ్యాను ఆపాలి, ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉండాలి. చివరి మాట దగ్గర ఆపేసి 'తర్వాత ఏమైందో పుస్తకంలో చూడండి' అనమనండి. సోమవారం ఆ పుస్తకం కోసం పిల్లలు అడుగుతారు.

అమ్మ కువైట్‌లోనో నాన్న దుబాయ్‌లోనో ఉన్న పిల్లల విషయంలో ఆన్‌లైన్ గ్రూపు చేయగలిగేది ఇంకేదీ చేయలేదు. ఒక కథ పేజీలు రెండు ఫొటో తీసి ఆ తల్లికి పంపండి, ఆవిడ చదివి వాయిస్ పంపాలి. పిల్ల అదే పుస్తకం చేత్తో పట్టుకుని వింటుంది. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనక. ఇళ్లల్లో పని చేసేవాళ్లకు సాయంత్రాలు తీరిక ఉండదు కాబట్టి ఫలానా వేళకు పంపమని అడగకండి. వారం గడువివ్వండి, తనకు వీలైనప్పుడు రికార్డు చేస్తుంది. ఆ వాయిస్ గ్రూపులో పెట్టాలా, పిల్లకు మాత్రమే ఉంచాలా అన్నది తల్లి ఇష్టం. చదవడం రాని తల్లయితే తను చిన్నప్పుడు విన్న కథ చెప్పమనండి, పిల్ల దాన్ని రాసి తెస్తుంది.

9. తెలుగులో రాయించడం

పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. మొదటి నెల అడ్డుపడకండి. రెండో నెలలో జీబోర్డ్‌లో (గూగుల్ వారి కీబోర్డ్ యాప్) తెలుగు పెట్టించండి: సెట్టింగ్స్, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, తెలుగు. అందులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే అమరిక కూడా ఉంది, పెద్దవాళ్లకు అది తేలిక. పిల్లలకు నేరుగా తెలుగు అక్షరాల కీబోర్డే నయం, వత్తులు గుణింతాలు చేతికి వస్తాయి.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో కొట్టించిన కథను కాపీ చేసి గ్రూపులో వేస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే అక్షర పద్ధతి) కొట్టమని ముందే చెప్పండి, లేదా ఆ కాగితం ఫొటో పెట్టండి.

10. తరచు జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఒకేసారి పీడీఎఫ్‌లు కుమ్మరించడం. ఒక్క రోజు 30 పుస్తకాలు పెడితే ఒక్కటీ తెరవరు. వారానికి ఒకటి, అదీ అచ్చు కాపీ దొరకనప్పుడే.

మార్కులు, ర్యాంకులు, 'ఈ వారం ఉత్తమ పాఠకుడు'. ఒకే పిల్ల మూడుసార్లు గెలిచాక మిగతావాళ్లు ప్రయత్నం మానేస్తారు, గెలిచే పిల్ల సన్న పుస్తకాలు ఏరుకుంటుంది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే హఠాత్తుగా ఆపకండి. బహుమతి బదులు వచ్చే వారం ప్రశ్న వేసే అవకాశం ఇవ్వండి, అది వంతుల ప్రకారం అందరికీ వచ్చేలా చూడండి.

నలుగురే మాట్లాడటం. మౌనంగా ఉన్నవాళ్లను గ్రూపులో పేరు పెట్టి అడగకండి. సోమవారం పుస్తకం ఇచ్చేటప్పుడు నోటితో అడగండి, వాళ్లు చెప్పింది 'లోకేశ్ ఇలా అన్నాడు' అని మీరే పెట్టండి. రెండు మూడు సార్లు తన మాట గ్రూపులో చూసుకున్నాక తనే రాస్తాడు.

నెట్‌లోంచి, ఏఐ నుంచి తెచ్చి అతికించడం. భాష మరీ గ్రాంథికంగా, జవాబు మరీ నిండుగా ఉంటే తెలిసిపోతుంది. దొంగతనం అని ముద్ర వేయకండి. 'ఇది నీ గొంతులో చెప్పు, వాయిస్ పెట్టు' అనండి. మళ్లీ మళ్లీ జరుగుతోందంటే తప్పు మీ ప్రశ్నది, 7వ భాగం చూడండి.

ఇంటి పెద్దల ఫార్వర్డులు. 'అందరికీ డిలీట్' చేయండి, కారణం ఆ వ్యక్తికి విడిగా, మర్యాదగా చెప్పండి. గ్రూపులో చెబితే వాళ్లకు తలవంపు, పిల్లకు అవమానం.

గొడవ, వెక్కిరింపు. వెంటనే మెసేజ్ హక్కు అడ్మిన్లకు మార్చేయండి, మర్నాడు బడిలో మాట్లాడండి. బయటి నంబరు నుంచి పిల్లలకు విడిగా మెసేజ్‌లు వస్తే స్క్రీన్‌షాట్ దాచి, తల్లిదండ్రులకు చెప్పి, చైల్డ్‌లైన్ 1098కి, డబ్బు మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

11. వరదలు, కోతలు, పరీక్షలు

ఏడాది పొడుగునా ఒకే వేగం కుదరదు. డెల్టా క్యాలెండర్ ముందు పెట్టుకుని గ్రూపు నడకను దానికి తగ్గట్టు మార్చుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే ఈ పనులు చేయండి:

- లంకల పిల్లలకు మూడేసి పుస్తకాలు పాలిథిన్ సంచిలో కట్టి ఇచ్చేయండి. పంట్లు, పడవలు ఆగితే తర్వాత చేర్చలేరు.
- బడిలో పెట్టెను బల్ల మీదికి కాదు, మేడ మీదికి ఎక్కించండి.
- గ్రూపులో ప్రశ్నలు ఆపండి. కరెంటు లేనప్పుడు ఛార్జింగ్ ప్రాణావసరం, కథల కోసం ఖర్చు చేయించకూడదు.
- వరద వార్తలు గ్రూపులో రానివ్వకండి, అధికారుల ప్రకటనలకు వేరే గ్రూపులుంటాయి.

13.75 అడుగుల రెండో హెచ్చరిక దాటితే చదువు సంగతి పూర్తిగా పక్కన పెట్టండి. నీళ్లు తీశాక తడిసిన పుస్తకాలను ఎండలో పడేయకండి, పేజీలు వంకర తిరిగి అతుక్కుపోతాయి. నీడలో గాలి తగిలేలా నిలబెట్టి, పేజీల మధ్య పాత పేపరు పెట్టి, కొన్ని గంటలకోసారి మార్చండి.

నవంబరు, డిసెంబరు సార్వా కోతలు, ఏప్రిల్ దాళ్వా కోతలు. చిన్నవాళ్లను చూసుకునే పని పెద్దపిల్లల మీద పడుతుంది. ఆ వారాల్లో తమ్ముళ్లకు చెల్లెళ్లకు చదివి వినిపించే బొమ్మల పుస్తకాలు ఇవ్వండి, పని లోపలే చదువు సాగుతుంది. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. కోతలు లేని సాయంత్రం చూసుకుని శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. సంక్రాంతికి వారం మొత్తం సెలవు ఇచ్చేయండి, ఆ మూడు రోజులు ఎవరూ చదవరు. పరీక్షల ముందు పది రోజులు ప్రశ్న ఉండదు, పుస్తకాలు మార్చుకోవడం మాత్రం ఆగకూడదు.

12. నిజంగా చదువుతున్నారా: లెక్క ఎలా

మెసేజ్‌ల సంఖ్య చూసి సంబరపడకండి. గ్రూపు గలగలలాడుతుంటే పెట్టెలో పుస్తకాలు కదలకపోవడం మామూలే. పెట్టెలో ఒక నోట్‌బుక్ కట్టి ఉంచండి, నాలుగు గళ్లు చాలు: పేరు, పుస్తకం, 'పూర్తి' లేదా 'వదిలేశా', 'ఎవరు చెబితే తీసుకున్నాను'.

'వదిలేశా' గడి తప్పనిసరి. అది లేకపోతే అందరూ 'పూర్తి' అనే రాస్తారు. ఒక పుస్తకాన్ని నలుగురు వదిలేస్తే పెట్టెలోంచి తీసేయండి.

చివరి గడి అన్నిటికన్నా విలువైనది. మొదట అక్కడ 'టీచర్' అని ఉంటుంది. క్రమంగా తోటి పిల్లల పేర్లు రావడం మొదలైతే గ్రూపు పని చేస్తోందన్నమాట. రెండు నెలలైనా మీ పేరే ఉంటే, మీరు ఎక్కువ మాట్లాడుతున్నారు. శనివారం వాయిస్‌లు పెంచి, మీ మాటలు సగానికి తగ్గించండి.

13. ఏప్రిల్‌లో మూయడం

గ్రూపును గాలికి వదిలేయకండి. సెలవులకు వారం ముందు ఈ పనులు పూర్తి చేయండి:

- పుస్తకాలు వెనక్కి తీసుకుని, వేసవికి ఒక్కొక్కరికీ మూడేసి మళ్లీ ఇవ్వండి. నోట్‌బుక్‌లో రాయండి.
- పిల్లలు రాసిన వాక్యాల్లో మంచివి ఏరి, పేర్లతో బడి గోడ మీద పెట్టండి.
- వాయిస్‌లు కావాలన్న తల్లిదండ్రులు దాచుకునేందుకు మూడు రోజుల గడువివ్వండి.
- పదో తరగతికి వెళ్లే పిల్లల్లో ఇద్దరిని వచ్చే ఏడాది ప్రశ్నలు వేయడానికి అడిగి ఉంచండి.
- సభ్యులందరినీ తీసేసి గ్రూపు డిలీట్ చేయండి. మీ ఫోన్‌లో మిగిలిన పిల్లల ఫొటోలు, వాయిస్‌లు, నంబర్ల జాబితా కూడా చెరిపేయండి. సమ్మతి కాగితాలు, పెట్టె నోట్‌బుక్ మాత్రం బడి ఆఫీసులో దాచండి. జూన్‌లో బడి తెరిచాక కొత్త సంతకాలు, కొత్త గ్రూపు.